చీలమండ కింద నీలం

ఫిబ్రవరి 3, సోమవారం

కాలు ఎలా ఉందో రోజూ రాసిపెట్టమంది ఆసుపత్రిలో కాళ్ల డాక్టరమ్మ. వాపు ఎంత, నొప్పి ఎక్కడ, ఏం చేశాను. అంతే రాయమంది. నేను చదివింది ఏడో తరగతి. అక్షరాలు గుండ్రంగానే వస్తాయి కానీ రాయాల్సిన పని ఎప్పుడూ పడలేదు. నేను పనిచేసేది అదే ఆసుపత్రి లాండ్రీలో. అక్కడ ఎవరూ వాడని డైరీ ఒకటి అలమర మీద పడుంటే తెచ్చుకున్నా.

సరే, రాస్తున్నా. కుడికాలు. నిన్న సాయంత్రం మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు తప్పాను. అక్కడ బల్బు పోయింది, చీకటి. పాదం లోపలికి మడతపడింది, దాని మీద నేను పడ్డాను. బయటివైపు చీలమండ మీద గుడ్డు పెట్టినట్టు వాపు. దాని కింద నీలం.

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునే పట్టీ ఒకటి ఉంటుందట, అది సాగి కాస్త చిరిగిందట. విరగనిదానికి ఇంత నొప్పేంటమ్మా అంటే, "విరిగితే అందరూ జాగ్రత్తగా ఉంటారు. బెణికితే ఎవరూ లెక్కచెయ్యరు. అందుకే ఇది ఎక్కువ సతాయిస్తుంది" అంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊరందరి లిఫ్టులూ ఆయనే బాగుచేస్తారు. మేం ఉండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు. మెట్ల మీద కూర్చుని వెనక్కి జరుగుతూ జరుగుతూ ఎక్కాను, పాకే పిల్లలా. ఆయన నా సంచి పట్టుకుని వెనకాలే "మెల్లగా, మెల్లగా" అంటున్నారు. మెల్లగా కాక పరిగెత్తుతానా.

ఫిబ్రవరి 4

వదిన వచ్చింది. ఆయనకి అక్క. రెండు వీధుల అవతలే ఉంటుంది, ఎవరికి ఏమైనా వాళ్లకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. చేతిలో గిన్నె, గిన్నెలో కాచిన నూనె.

"కాలు ఇలా చాపు. గట్టిగా ఒకసారి లాగి రుద్దితే సాయంత్రానికి లేచి తిరుగుతావ్."

"వద్దు వదినా. మొదట్లో వేడి తగలకూడదంట, రుద్దకూడదంట. లోపల చిరిగిన చోట రక్తం ఇంకా ఊరి వాపు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది."

"ఆవిడ వయసెంత?"

"ముప్పై ఉంటాయేమో."

"నా నూనె సీసా వయసు అంతకంటే ఎక్కువ."

కాలు దుప్పటి కింద దాచుకున్నాను. ఆవిడ గిన్నె పట్టుకుని టీ తాగేదాకా కూర్చుంది, నేను నిద్రపోతే పని కానిచ్చేద్దామని. నేను నిద్రపోలేదు.

ఐసు గుడ్డలో చుట్టి కాసేపు పెట్టాలి, తియ్యాలి, మళ్లీ పెట్టాలి. ఒట్టి ఐసు చర్మం మీద పెట్టకూడదు. మా ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టదు. బఠాణీల ప్యాకెట్టు తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నా. కాలు రెండు దిండ్ల మీద. సాయంత్రం ఆయన వంటింట్లోంచి, "బఠాణీలు కనపడట్లేదేమే" అన్నారు.

"నా కాలి మీద ఉన్నాయి."

గుమ్మంలోకి వచ్చి నా కాలు చూశారు. తర్వాత, "మళ్లీ వండుకోవచ్చా అవి?" అన్నారు. ఈయనతో నేను ఇన్నేళ్లు ఎలా వేగానో నాకే తెలియాలి.

ఫిబ్రవరి 6

వాలీబాల్ మాస్టారు ఫోన్ చేశారు. మార్చి పదహారు ఆదివారం దాని పేరు మీద మ్యాచ్ పెడుతున్నారట. కప్పు కూడా చేయించారట. నేనొచ్చి నా చేతులతో కప్పు ఇవ్వాలట.

అది అంటే నా కూతురు. డైరీకి తెలియదు కదా అని ఒక్కసారి రాస్తున్నా. పోయినేడు మార్చిలో జ్వరంతో పోయింది. ఆఖరి మ్యాచ్ ఆడి వచ్చి పడుకుంది, మళ్లీ లేవలేదు. ఇంక రాయను.

"కాలు బెణికిందండీ" అన్నాను మాస్టారుతో.

"ఇంకా నెల పైన ఉందమ్మా."

"పెద్ద బెణుకండీ."

ఆ గ్రౌండు మొహం చూడనని ఎప్పుడో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పే పని లేకుండా కాలు వచ్చింది.

ఫిబ్రవరి 7

వాపు ఉంది. పట్టీ చుట్టాను, వేళ్ల దగ్గర్నుంచి పైకి. మరీ బిగిస్తే వేళ్లు చల్లబడతాయి, చూసుకోవాలి. నొప్పి చాలా ఉంది.

ఫిబ్రవరి 10

ఇప్పుడు కాలు కదపమంటోంది డాక్టరమ్మ. మొన్నటిదాకా దాచుకోమంది, ఇప్పుడు ఊపమంటోంది. మరీ అలాగే ఉంచేస్తే కీలు పట్టేస్తుందట. బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయమంది.

"ఏం అక్షరాలు?"

"మీకొచ్చినవే. మనవి గుండ్రంగా ఉంటాయి కదా, చీలమండ అన్నివైపులా తిరుగుతుంది."

అచ్చులతో మొదలుపెట్టాను. అ బాగానే వచ్చింది. ఆ పరవాలేదు. ఋ దగ్గర ప్రాణం పోయింది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఏం చేస్తున్నావ్?"

"చదువుకుంటున్నా."

ఆయన వెళ్లాక అచ్చులు వదిలేసి దాని పేరు రాశాను. మొదటి అక్షరం తేలిగ్గానే వచ్చింది. రెండో అక్షరం దగ్గర పాదం కిందికి దిగి లోపలికి తిరగాలి. సరిగ్గా అక్కడే పొడిచినట్టు నొప్పి. పేరు సగంలో ఆగిపోయింది.

ఫిబ్రవరి 13

వాపు దాదాపు లేదు. నీలం పచ్చబడింది. నొప్పి మాత్రం అలాగే ఉంది.

ఫిబ్రవరి 17

పనికి వెళ్లాను. లాండ్రీలో నా పని తడి దుప్పట్లు మడతపెట్టడం, ఒక కొస నేను, ఒక కొస ఇంకొకరు, నడుస్తూ దగ్గరికి రావడం. ఇప్పుడు కూర్చుని దిండు గలీబులు మడతపెట్టమన్నారు. గలీబుకి ఎదురు మనిషి అక్కర్లేదు. రోజంతా గోడని చూస్తూ మడతపెట్టాను.

చేతికర్ర ఒకటి ఇచ్చారు. కాలి మీద బరువు తగ్గుతుందట.

ఫిబ్రవరి 21

నిన్న డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసింది. నొక్కింది, తిప్పింది, గోడకి ఆనించి మునివేళ్ల మీద లేపింది.

"బాగుందమ్మా. కర్ర వదిలెయ్యొచ్చు."

"నొప్పుందండీ."

"ఎక్కడ?"

చూపించాను. ఆవిడ చూసిన చూపు నాకు నచ్చలేదు.

తర్వాత ఒంటికాలి మీద నిలబడమంది. బెణికిన కాలికి నేల మతి పోతుందట. ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో దానికి తెలియదట. మళ్లీ నేర్పాలి. నేర్పకుండా వదిలేస్తే అదే కాలు, అదే చోట మళ్లీ బెణుకుతుందట. "ఒకసారి బెణికినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు నా దగ్గరికి. పళ్లు తోముకునేటప్పుడు నిలబడండి, వేరే టైము అక్కర్లేదు" అంది.

ఇవాళ పొద్దున్న బేసిన్ దగ్గర కుడికాలి మీద నిలబడ్డాను. వెంటనే అటు వాలాను. ఆయన పక్కన గడ్డం గీసుకుంటున్నారు, ఆయన భుజం పట్టుకున్నాను. గడ్డం తెగింది. "నేను కూడా ఒంటికాలి మీద నిలబడనా, సరిపోతుంది" అన్నారు నెత్తురు తుడుచుకుంటూ. జోకు వేశాననుకున్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆదివారం కదా, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని పానాలు తీసుకుని ఆయన వెళ్లారు. పోయిన ఆదివారమూ వెళ్లారు. లిఫ్టులన్నీ ఆదివారాలే ఎందుకు పాడవుతాయో అడిగితే చెప్పరు.

ఆయన అటు వెళ్లగానే నిచ్చెన వచ్చింది. దాంతో వాలీబాల్ ఆడిన పిల్ల. మా గుమ్మం ఎప్పుడు దాటినా తల వంచి వచ్చేంత పొడుగు, అందుకని అదే ఆ పేరు పెట్టింది. తలుపు తీసే ఉంది. నేను వంటింట్లో పై అరలో డబ్బా కోసం మునివేళ్ల మీద నిలబడి ఉన్నాను. కర్ర ముందు గదిలో ఉంది.

వెనక్కి తిరిగితే నిచ్చెన.

"పిన్నీ, కాలు ఎలా ఉంది?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"బాలేదు."

"అవును, కనపడుతోంది."

డబ్బా తనే దించి ఇచ్చింది. పాపం ఆ పొడుగు అందుకైనా పనికొచ్చింది. వెళ్లేటప్పుడు కర్ర తీసి నా చేతిలో పెట్టి, "నేనేం చూళ్లేదు" అంది. పిల్లలకి బొత్తిగా భయం లేదు.

మార్చి 1

నొప్పి ఉంది.

మార్చి 5

మాస్టారు మళ్లీ ఫోన్. మా ఆయన ఎత్తారు. "కాలు ఇంకా బాలేదంటోందండీ" అంటున్నారు. బాలేదు అనలేదు, బాలేదంటోంది అన్నారు. ఆ మాటకి రాత్రి వంటలో ఉప్పు వెయ్యలేదు. ఉప్పు అడగకుండా తిన్నారు. అదీ కోపమే.

మార్చి 8

ఆ రోజు మెట్ల దగ్గర బల్బు పోలేదు. నేను దిగినప్పుడు వెలుగుతూనే ఉంది.

పై అంతస్తు పిల్లలది బంతి ఒకటి మెట్ల మీదుగా టప్పు టప్పుమని దిగుతూ వచ్చింది. "మెట్ల మీద కాదే, కింద ఆడుకో" అంటూ వెనక్కి తిరిగాను. ఇంట్లో దానితో రోజూ అన్న మాటే. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గుర్తొచ్చింది. కాలు అప్పుడు మడతపడింది.

డాక్టరమ్మ మొన్న ఎలా పడ్డారో కూడా సరిగ్గా రాయమంది కాబట్టి రాశాను.

మార్చి 15, శనివారం

మళ్లీ నిచ్చెన. రేపటి మ్యాచ్‌కి నన్ను ఒప్పించమని మాస్టారు పంపారట. నేను కిటికీ దగ్గర ఉన్నా, మెట్ల మలుపు కనపడుతుంది అక్కడ్నుంచి. ఆ పిల్ల ఎక్కడం చూశాను. ప్రతి మెట్టుకీ ఎడమకాలే ముందు పెడుతోంది, కుడికాలు తెచ్చి దాని పక్కన చేరుస్తోంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. ఈ నెలంతా నేను ఎక్కి దిగింది అలాగే.

"ప్యాంటు పైకి లాగు" అన్నాను.

"ఎందుకు పిన్నీ?"

"లాగు."

ఏదో తెల్లటి టేపు చుట్టుకుంది, వేళ్లు తెల్లబడేలా. విప్పించాను. గుడ్డంత వాపు, దాని కింద నీలం. నాది మొదటిరోజు ఎలా ఉందో అచ్చం అలాగే. చీలమండ వెనకాల ఎముక మీద నొక్కితే మాత్రం నొప్పి లేదంది. కుంటుతూ అయినా నడుస్తోంది. ఎముక విరిగిందేమోనని డాక్టరమ్మ నన్ను అడిగినవే ఆ రెండూ.

"ఎప్పుడైంది?"

"మొన్న ప్రాక్టీసులో. ఎగిరి దిగేటప్పుడు నెట్ కింద అవతలి పిల్ల పాదం మీద దిగాను. ఏమీ లేదు పిన్నీ. చల్లటి స్ప్రే కొడతా, టేపు బిగిస్తా, రేపు మాత్ర వేసుకుంటా."

"నొప్పి తెలియకుండా చేసుకుని దాని మీదే ఎగురుతావా? ఇంకా చిరుగుతుంది. తర్వాత జన్మంతా ప్రతి గుంటలో పడతావ్."

"ఒక్క మ్యాచే కదా. దాని కప్పు. వేరేవాళ్లు ఎత్తుకుపోతుంటే నేను కుర్చీలో కూర్చోవాలా?"

"మాస్టారికి తెలుసా?"

"ఎవరూ చెప్పరు. మేం ఒకరి దెబ్బ ఒకరం బయటికి చెప్పం పిన్నీ. టీం మాట అది. పోయినసారి కూడా..."

ఆపేసింది.

"పోయినసారి ఏంటి?"

"ఏమీ లేదు."

టేపు మళ్లీ చుట్టుకుంది. గుమ్మం దగ్గర తల వంచి, అలాగే ఉండి అంది, "నీ కాలి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా కాలి సంగతి నువ్వూ చెప్పకు." దెబ్బ కాలు ముందు పెట్టుకుంటూ దిగి వెళ్లిపోయింది.

మార్చి 16, ఆదివారం

పొద్దున్నే ఆయనా వదినా వెళ్లారు. "వస్తావా" అని ఆయన అడగలేదు. చెప్పులు వేసుకుని చాలాసేపు నిలబడ్డారు.

వంట చేశాను. గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలు మళ్లీ తోమాను.

ఏమీ లేదమ్మా, అలసట, అంది అది ఆఖరి మ్యాచ్ రోజు బూట్లు వేసుకుంటూ. చెయ్యి పెట్టి చూడబోతే తల పక్కకి తీసుకుంది. టీం మాట. అయితే వీళ్లందరికీ తెలుసన్నమాట. ఒళ్లు కాలిపోతోందని ఆ గ్రౌండులో ఉన్న ప్రతి పిల్లకీ తెలుసు. బంతి అందిస్తుంటే చేతులు తగులుతాయి కదా. నాకు ఒక్కదానికే తెలియలేదు.

ఏమీ లేదు పిన్నీ, అంది ఇది.

బెణికితే ఎవరూ పోరు. అది నాకు తెలుసు. అంత పిచ్చిదాన్ని కాదు.

ఎప్పుడు తలుపు వేశానో, ఏ బస్సెక్కానో. గ్రౌండు గేటు దగ్గర దిగాక అనుమానం వచ్చింది, పొయ్యి ఆపానా లేదా అని. ఆపాను.

సున్నంతో గీతలు గీశారు. ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద కప్పు. నెట్ స్తంభం పక్కన పానా పట్టుకుని మా ఆయన. పిల్లలందరూ "బాబాయ్, అటు వదులుగా ఉంది" అంటున్నారు, ఈయన తాడు బిగిస్తున్నారు. ఇవీ ఆదివారాలు పాడయ్యే లిఫ్టులు.

ఆట మొదలైంది. నిచ్చెన ఎగిరింది. ఎగరడం చూడలేదు నేను, దిగడం చూశాను. ఎడమకాలి మీదే దిగింది, ఒరిగింది, నవ్వింది.

లోపలికి వెళ్లిపోయాను. ఈల ఊదే అబ్బాయి ఈల ఊదాడు.

"అమ్మా, ఆట జరుగుతోంది. గీత దాటకూడదు."

"నువ్వు ఊదుకో నాయనా. నేను నీ కోసం రాలేదు."

నిచ్చెన మొహం పాలిపోయింది. "పిన్నీ, మాటిచ్చావ్."

"నేనివ్వలేదు. నువ్వు తీసుకున్నావ్. కూర్చో."

"పిన్నీ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మాస్టారూ, దీని సాక్సు తియ్యమనండి."

మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని తీశారు. చూశారు. మిగతా పిల్లలు నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు నేను ఏం అరిచానో నాకు పూర్తిగా గుర్తులేదు. ఇకమీద ఎవరికి నలతగా ఉన్నా పక్కనున్నవాళ్లు చెప్పాలి, చెప్పకపోతే నేను ప్రతి ఆదివారం వచ్చి ఒక్కొక్కదాని నుదురూ కాలూ తడిమి చూస్తాను అన్నానట. వదిన చెప్పింది. నుదురు అన్నావే, కాలికి నుదురెందుకు అంది. ఆ పిల్లల్లో ఒకతె ఏడ్చింది. దాన్ని నేనేమీ అనలేదు. వాళ్లవీ చిన్న మొహాలే.

నిచ్చెన కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. "ఐసు" అన్నాను ఆయనతో.

ఆయన పానా పట్టుకుని నన్నే చూస్తున్నారు. "ఏమే, నీ కాలు..."

"ఐసు తెండి ముందు."

కూల్‌డ్రింకుల పెట్టెలోంచి రెండు దోసిళ్ల నిండా తెచ్చారు. వేళ్ల సందుల్లోంచి కారిపోతోంది. పొయ్యడానికి చుట్టూ ఏమీ లేదు. బల్ల మీద కప్పు ఉంది. అందులో పోయమన్నాను. దాని పేరు చెక్కిన వైపు నాకు ఎదురుగా వచ్చింది. అందులోంచి గుప్పెడు గుప్పెడు తీసి తువ్వాల్లో చుట్టి కాలికి పెట్టాను. టేపు విప్పేసి, నా కాలి పట్టీ తీసి, వేళ్ల దగ్గర్నుంచి పైకి, మరీ బిగించకుండా కట్టాను.

నిచ్చెన బదులు ఒక పొట్టిపిల్ల దిగింది. ఓడిపోయారు. దారుణంగా ఓడిపోయారు. దాని కప్పు వేరే ఊరి పిల్లలకి నేనే ఇచ్చాను, నా చేతులతో. కప్పు ఇంకా తడిగా ఉంది. ఎత్తి పట్టుకుంటే ఆ పిల్లల మోచేతుల మీదుగా నీళ్లు కారాయి. ఎందుకు తడిగా ఉందో వాళ్లకి తెలియదు.

ఇంటికొచ్చాక ఆయన తలుపు వెనకాల కర్ర చూశారు. తీసి అటక మీద పెట్టారు. 

మార్చి 17

నొప్పి లేదు. ఎప్పట్నుంచి లేదు అని డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పాలో చూసుకోవాలి.

మార్చి 20

నిచ్చెన వాళ్లింటికి వెళ్లాను. నాకంటే ముందు వదిన ఉంది అక్కడ, గిన్నెతో సహా. నిచ్చెన కాలు దుప్పటి కింద దాచుకుని కూర్చుంది, నాలాగే.

"వదినా, మీరు లేవండి."

"కాస్త రాస్తే ఏం పోతుంది?"

"మీ మోకాళ్లకి రాసుకోండి."

"రాసుకున్నా. రాసుకునే వచ్చా" అని గిన్నె తీసుకుని గడపలో కూర్చుంది.

డాక్టరమ్మ చూసిందట నిచ్చెనని. మళ్లీ ఆడొచ్చట, తొందరపడకపోతే. ముందు కదపడం, తర్వాత మునివేళ్ల మీద లేవడం, తర్వాత ఒంటికాలు, ఆ తర్వాతే ఎగరడం, అదీ కాలికి గట్టి పట్టీ వేసుకుని. "ఇదంతా అయ్యేసరికి ముసలిదాన్నైపోతా పిన్నీ" అంది.

"అవ్వు" అన్నాను.

కాస్త మెత్తబడ్డట్టున్నాను. అది కనిపెట్టి కాలు దుప్పటి బయట పెట్టింది. దిండు వేశాను.

"బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయి."

"ఏం రాయను?"

"నీకొచ్చింది."

నేను ఏ పేరూ చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు. గోడకేసి చూస్తూ మెల్లగా రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం తేలిగ్గానే వెళ్లింది. రెండో అక్షరంలో పాదం కిందికి దిగి, లోపలికి తిరగబోయి ఆగిపోయింది.

"ఇక్కడ నొప్పి పిన్నీ" అంది.

"నాకూ అక్కడే" అన్నాను. మడమ కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను, మిగతాది రాసేదాకా.